పడ్డవాళ్ళు పడ్డట్టే

గంగాళం నిండా నీళ్ళు పోసి, రెండు చేతులతో రెండు చోట్ల గిర్రున తిప్పి, "చూడమ్మా, ఈ చిన్న సుడి ఆ పెద్దదాన్ని తన దగ్గరికి లాక్కుంటుంది" అంది మా ఆవిడ. మా అత్తగారు నీళ్ళకేసి చూడలేదు. కూతురి మొహంకేసి చూసింది.

"లాక్కుని ఏటి సేస్తాది?"

"చంపేస్తుంది. ఇదిగో." చిన్న సుడి నడుమ జల్లిగరిటె నిలబెట్టింది. పెద్ద సుడి కాస్త ఊగి, పక్కకి జరిగి, గరిటె చిల్లుల్లో పడి చెదిరిపోయింది. గంగాళంలో నీళ్ళు ఏమీ ఎరగనట్టు నిలబడ్డాయి.

"బాగున్నాది. మరి రెండిటికీ మజ్జిలో ఊరుంటే?"

"ఉండకూడదు. అందుకే కదా, ఆ రోజు గాలి ఎటునుంచి వచ్చిందో చెప్పమని నిన్ను చంపుకు తింటున్నాను."

మా ఆవిడ పేరు చంపావతి. గాలి శాస్త్రం ఆవిడది, మోటార్లు నావి. విశాఖపట్నంలో కొండమీది ఒక పరిశోధనశాలలో ఇద్దరం పనిచేసేవాళ్ళం. నా పేరు వైకుంఠరావు. ఈ కథలో నా వంతు బోల్టులు బిగించడం వరకే. అయినా చివరికి తప్పులో సగం నా బోల్టుల మీదకే వచ్చింది, ఆ సంగతి తరవాత చెబుతాను.

అత్తగారి పేరు తవిటమ్మ. ఊరు మొగిలివలస, శ్రీకాకుళం దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. ఊరికి ఉత్తరాన సరుగుడు తోటలు, దక్షిణాన గెడ్డ. వాగుని అక్కడ గెడ్డ అంటారు. చంపావతి చంకబిడ్డగా ఉన్నప్పుడు ఒక ఎండాకాలం సాయంత్రం ఆ ఊరి మీంచి సుడిగాలి పోయింది. తుఫాను కాదు. తుఫాను చెప్పి వస్తుంది, రెండు రోజులు కూర్చుంటుంది. ఇది ఆకాశంలోంచి ఏనుగు తొండంలా దిగి, అన్నం వార్చి గంజి పక్కన పెట్టేలోగా ఊరిని సగం చేసి పోయింది. తాటిచెట్లు పిండిన బట్టల్లా మెలితిరిగి విరిగాయి. ఒక బండి ఇరుసు చింతమానులో దిగబడితే పీకడం ఎవరివల్లా కాలేదు, చెట్టే పెరిగి దాన్ని లోపలికి తీసేసుకుంది. మా మామగారు గెడ్డ గట్టున పోయాడు. అప్పటికి మా బావమరిది దాలినాయుడు ఇంకా తల్లి కడుపులో ఉన్నాడు.

అక్కడి నేల వేడి, సముద్రపు తేమ కలిసే తీరు చూస్తే అలాంటిది మళ్ళీ వచ్చి తీరుతుందని చంపావతి లెక్క. ఎప్పుడో తెలియదు. ఆవిడ బతుకంతా ఆ ఒక్క భయమే. తల్లినీ తమ్ముణ్ణీ విశాఖ తెచ్చేసుకోవాలని బతిమాలింది, ఏడ్చింది, పోట్లాడింది. తవిటమ్మ వినలేదు. దాలినాయుడు నవ్వేవాడు. "జీడిపిక్కలు రాలే రోజుల్లో ఎవుడైనా ఊరొదుల్తాడేటి బావా? మీ ఆవిడికి సెప్పు."

వాళ్ళు రారు కనక, గాలినే ఊళ్ళోకి రాకుండా చేస్తానని పట్టుబట్టింది మా ఆవిడ. అలా పుట్టింది గోపురం.

చెప్పడానికి చాలా తేలిక. తాటిచెట్టుకు మూడింతల ఎత్తున ఇనుప గొట్టం. లోపల నా మోటార్లు గాలిని వేడెక్కించి, తిప్పి, పైకి లాగుతాయి. అది గంగాళంలో చిన్న సుడి. చుట్టుపక్కల పెద్ద సుడి ఏదైనా దిగితే దీనివైపు మొగ్గుతుంది, వస్తుంది, గొట్టం నోట్లో ఉన్న రెక్కల్లో పడి చెదిరిపోతుంది. అది జల్లిగరిటె. ఒకటే షరతు. సుడి ఊరి మీదికి రాకముందే గోపురాన్ని చేరాలి. ఉత్తరం నుంచి వచ్చే గాలికి గోపురం ఊరికి ఉత్తరాన ఉండాలి. ఇటుది అటు పెట్టామో, సుడిని ఊరి మీంచి మనమే చెయ్యి పట్టుకుని నడిపించుకు వచ్చినట్టు అవుతుంది.

కాబట్టి పాత సుడి ఎటునుంచి ఎటు నడిచిందో తెలియాలి. ఒక ఊళ్ళో నేలా నీళ్ళూ మారవు కనక సుడి నడిచే దారి కూడా మారదన్నది చంపావతి కనిపెట్టిన సంగతి. దానికి మా పరిశోధనశాలలో ఒక యంత్రం కట్టారు. పాత ఫోటోలు ఇస్తే, ఏది ఎటు పడిందో కొలుచుకుని ఆనాటి గాలిని మళ్ళీ లెక్కగడుతుంది. దాన్ని వెనుగాలి యంత్రం అనేవాళ్ళం. 1925లో అమెరికాలో మూడు రాష్ట్రాల మీంచి పోయిన సుడి ఫోటోలు ఇచ్చి చూశారు, 1989లో బంగ్లాదేశ్‌లో వందలమందిని పొట్టన పెట్టుకున్న సుడివి ఇచ్చి చూశారు. గాలి ఎటు నడిచిందో చరిత్రలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ ఫోటోల నిండా చెట్లు, స్తంభాలు, కూలిన గోడలు.

మొగిలివలస ఫోటోలు అలాంటివి కావు. సుడి వెళ్ళిన మర్నాడు పట్నం నుంచి ఒక స్టూడియో ఆయన వచ్చి, తర్వాత బంధువులు గుర్తుపట్టడానికని, పోయినవాళ్ళని తీశాడు. చెట్లకీ గోడలకీ రీలు ఖర్చు పెట్టలేదు. పొలాల్లో, గట్ల మీద, దిబ్బల దగ్గర, పడినవాళ్ళు పడినచోటే ఉన్నారు.

"ఇంతకంటే ఏం కావాలి?" అన్నాడు మా డైరెక్టరు పరాంకుశం గారు. "మనిషిని మించిన గాలిసూచిక లేదు. ఎత్తు తెలుసు, బరువు తెలుసు. గాలి ఎటు తోస్తే తల అటు పడుతుంది."

యంత్రం నీడల్ని బట్టి దిక్కులు లెక్కగట్టి, ఒక్కో మనిషికీ ఒక్కో అంకె ఇచ్చింది. అందరి తలలూ దక్షిణానికే. గాలి ఉత్తరం నుంచి వచ్చిందని తేల్చింది. ఫోటోల మూలల్లో కనిపించిన ఎడ్లూ ఆవులూ మాత్రం వేరే వైపు పడి ఉన్నాయి. వాటిని లెక్కలోంచి తీసేశారు, పశువులు బరువు, పైగా పలుపుతాళ్ళు కట్టి ఉంటాయని.

నేను ఊరుకోలేక అడిగాను. "సుడి అన్నాక తిరుగుతుంది కదండీ. మనుషులు తలో దిక్కూ పడాలి కదా?"

"అంత వేగంగా నడిచిందన్నమాట" అన్నాడాయన, కళ్ళు మెరుస్తుంటే. దాని మీద ఒక పరిశోధనా పత్రం కూడా రాశాడు. నేను నా బోల్టుల దగ్గరికి వెళ్ళిపోయాను.

మీరు తెలుగువాళ్ళే కదయ్యా, ఆ మాత్రం తట్టలేదా అని ఇప్పుడు ఎవరైనా అడగచ్చు. తట్టలేదు. మా బల్లల మీదకి వచ్చినవి అంకెలు, మనుషులు కారు. ఆ ఫోటోలని మనిషన్నవాడు తీరిగ్గా చూసింది లేదు. చంపావతి అసలు చూడలేదు, అందులో వాళ్ళ నాన్న ఉంటాడని. కవరు తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది ఒకసారి. తవిటమ్మ దాన్ని అవతలికి తోసేసింది.

"ఆ బొమ్మలు నాకొద్దే. నాను కళ్ళారా సూసినాను, సాలు."

"పోనీ గాలి ఎటునుంచి వచ్చిందో చెప్పు."

"ఏటి సెప్పను? కళ్ళనిండా మట్టి. అన్ని పక్కల్నుంచీ వచ్చినాది."

ఊళ్ళో మిగతా ముసలివాళ్ళని అడిగాం. ఒకాయన కొండవైపు అన్నాడు, ఒకావిడ సముద్రం అంది, ఇంకొకాయన నెత్తిమీంచే దిగిందన్నాడు. అందరూ ఇళ్ళల్లో మంచాల కింద ఉన్నవాళ్ళే. మనుషుల మాట పక్కన పెట్టి యంత్రం మాట ప్రకారం గోపురాన్ని ఊరికి ఉత్తరాన, సరుగుడు తోటల పక్కన నిలబెట్టాం.

దాన్ని చూసుకునే ఉద్యోగం దాలినాయుడికి ఇచ్చారు. వాడి దర్జా చూడాలి. గోపురం కింద గదిలో స్టూలేసుకుని, రాగులతో కాచిన చోడంబలి క్యారియరు పక్కన పెట్టుకుని, వచ్చిన ప్రతివాడికీ మీటలు చూపించేవాడు. ఊళ్ళో వాళ్ళు దాన్ని పొగగొట్టం అంటే ఒప్పుకునేవాడు కాదు. నేను నెలకోసారి మోటార్లు చూడ్డానికి వెళ్తే, "బావా, మా నాన్నప్పుడు ఇదుంటే నాను ఆయన బుజాలెక్కి తిరిగీవోణ్ణి కాదేటి" అన్నాడొకసారి. తరవాత తనే సిగ్గుపడి, నా బనీను చిరుగు చూపించి ఎగతాళి మొదలుపెట్టాడు.

చంపావతి ఆ ఏడాది నిద్రపోవడం నేర్చుకుంది. పెళ్ళయినప్పటినుంచి ఎప్పుడూ లేనిది, వైశాఖంలో ఉరిమితే లేచి కూర్చోలేదు.

సుడి మళ్ళీ వచ్చిన రోజు మధ్యాహ్నం మేమిద్దరం పరిశోధనశాల క్యాంటీన్లో ఉప్మా తింటున్నాం. మబ్బుల తీరు చూసి ఆవిడ ప్లేటు పక్కన పెట్టేసింది. ఫోను చేసేలోగా దాలినాయుడే చేశాడు.

"అక్కా, గాలి మాయమైపోనాది. ఆకు కదల్డం లేదు. ఎయ్యమంటావా?"

"వెయ్యి. ఆలోచించకు."

"గెడ్డ పక్క నల్లగున్నాదక్కా."

గెడ్డ అంటే దక్షిణం. చంపావతి ఒక్క క్షణం నావైపు చూసింది. నేనేం చెబుతాను? గాలి లెక్క ఆవిడది.

"అది వాన మబ్బురా. వచ్చేది ఉత్తరం నుంచే. నువ్వు గోపురం వెయ్యి, గదిలోనే ఉండు, తలుపేసుకో."

"సరే అక్కా."

మీట వేసిన చప్పుడు వినిపించింది. నా మోటార్లు ఒకదాని తరవాత ఒకటి అందుకున్నాయి. వాటి గొంతు నాకు తెలుసు, ఏ ఒక్కటీ తడబడలేదు. కాసేపు ఆ హోరే. దాంట్లోంచి దాలినాయుడు ఏదో అన్నాడు, "ఊరు" అన్న మాట ఒక్కటే మాకు అందింది. తరవాత ఫోను పోయింది.

దారంతా చెట్లు పడి, మేము చేరేసరికి తెల్లవారింది. ఊరు లేదు. గెడ్డ నుంచి మొదలై, ఇళ్ళ మీంచి, గోపురం మీంచి, సరుగుడు తోటల్లోకి ఒక గీత గీసినట్టు నేల గీరుకుపోయి ఉంది. గోపురం మొదలంటా విరిగి నాలుగు పక్కలా పడింది. రోడ్డు తెరవడానికి బుల్‌డోజర్లు అప్పటికే చెట్లనీ పశువుల్నీ గోతుల్లోకి తోస్తున్నాయి.

తవిటమ్మ బతికే ఉంది. నూతి గోడని కరుచుకుని ఉండిపోయిందట. పొలంలో ఒక్కత్తే వంగి ఏదో చేస్తోంది. దగ్గరికి వెళ్ళాం. ఎవరిదో శవం, భుజాల కింద చేతులు వేసి చుట్టూ తిప్పుతోంది. తిప్పి, కొంగుతో మొహం మీది మట్టి తుడిచి, లేచి ఇంకొకరి దగ్గరికి నడిచింది. అవతల చేలో మరో ఇద్దరు ఆడవాళ్ళు అదే పని చేస్తున్నారు.

"అమ్మా, ఏం చేస్తున్నావే?" అంది చంపావతి.

"దచ్చినం తల పెట్టొద్దేటి?" ఆవిడ గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. "మోసుకెళ్ళడానికి మొగోళ్ళు లేరు, కాల్సడానికి ఎండుకట్టె లేదు. దీపం లేదు, నీళ్ళు లేవు. ఈ మాత్రమైనా సెయ్యకపోతే ఎలగ? ఆ దినం కూడా ఇలగే. పడ్డోల్ని పడ్డకాడే తిప్పినాం. మీ నాన్నని నానే తిప్పినాను, నువ్వు సంకలో ఉన్నావు."

చంపావతి ఒక చేతిని ఇంకో చేతితో గట్టిగా పట్టుకుంది. ఫోటో ఆయన వచ్చింది మర్నాడు. అప్పటికి ఊరంతా తిప్పేసి ఉంది, ఎడ్లనీ ఆవుల్నీ తప్ప. యంత్రం కొలిచింది గాలిని కాదు. మిగిలినవాళ్ళు పోయినవాళ్ళకి చేసిన ఆఖరి మర్యాదని కొలిచింది. దాన్ని నమ్మి, గెడ్డ పక్కనుంచి వచ్చే సుడిని మేము ఊరి మీంచి మా గొట్టం దగ్గరికి పిలిచాం.

నాకు అప్పుడు తట్టిందే ఆవిడకీ తట్టి ఉంటుంది, ఎందుకంటే భుజాన సంచిలోని కెమెరా తీసింది. ఇంకా చాలామందిని తిప్పలేదు. సరుగుడు తోట వైపు ఉన్నవాళ్ళు పడ్డట్టే ఉన్నారు. వాళ్ళని అలాగే ఫోటో తీస్తే గాలి నిజంగా ఎటు నడిచిందో రుజువవుతుంది. ఈ తీరంలో మరో అయిదారు ఊళ్ళకి ఇదే లెక్కతో గోపురాలు రాబోతున్నాయి.

"అమ్మా, ఆగండి. ఎవరినీ తిప్పకండి. కాసేపు. నేను ఫోటోలు తీసేదాకా."

అవతలి చేలో ఆడవాళ్ళు ఆగి చూశారు. వాళ్ళలో ఒకావిడ కాళ్ళ దగ్గర ఆవిడ మనవరాలు ఉంది. "నీ బొమ్మలికి మా గుంట ఇలగ అడ్డదిడ్డంగా పడుండాలేటి?" అని అడిగింది. తిట్టలేదు, అడిగింది. చంపావతి ఆ పిల్లకేసి చూసింది. అయినా కెమెరా దించలేదు.

దాలినాయుడు గోపురం పునాదికి కొంచెం అవతల, సరుగుడు మొక్కల్లో ఉన్నాడు. తల ఈశాన్యానికి, కాళ్ళు ఊరి వైపు. ఒక చెయ్యి ఒంటి కింద మడతపడి ఉంది. మెడలో గోపురం గది తాళంచెవి ఇంకా వేలాడుతోంది. తవిటమ్మ వచ్చి నిలబడింది. వంగబోయి, కూతురి చేతిలో కెమెరా చూసి ఆగింది.

"తీసుకో" అంది. "తొరగా తీసుకో. నాను సూడలేను."

చంపావతి కెమెరా కంటికి పెట్టుకుంది. నేను ఎదురుచూశాను. మీట నొక్కిన చప్పుడు రాలేదు. ఆవిడ కెమెరాని మట్టిలో పెట్టేసి మోకాళ్ళ మీద కూర్చుంది. తమ్ముడి తలని రెండు అరచేతుల్లోకి తీసుకుంది. నావైపు చూస్తే, వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాను. నెమ్మదిగా తిప్పాం. మడతపడిన చేతిని తీసి ఛాతీ మీద పెట్టింది. తరవాత లేచి, అక్కడున్న మిగతావాళ్ళని తల్లితో కలిసి తనే తిప్పింది. నేనూ సాయం పట్టాను. పత్రికలవాళ్ళు వచ్చేసరికి మొగిలివలసలో అందరూ దక్షిణానికి తల పెట్టుకుని పడుకుని ఉన్నారు.

ఆ ఫోటోలు అన్ని పత్రికల్లోనూ వచ్చాయి. పరాంకుశం గారు వాటిని యంత్రానికి ఇచ్చాడు. గాలి ఉత్తరం నుంచి వచ్చిందని, పాత లెక్కతో అచ్చుగుద్దినట్టు సరిపోయిందని చెప్పింది. నేల మీద గీత ఉంది కానీ, గీతకి ఏ కొస మొదలో గీత చెప్పదు. రాడారు దూరం, కొండ అడ్డం. చెట్లనీ పశువుల్నీ రోడ్డు పనిలో ఎప్పుడో పూడ్చేశారు. ఇక మిగిలిన ప్రశ్న ఒకటే, దిక్కు సరిగ్గా ఉన్నా గోపురం ఎందుకు ఓడిపోయింది? నివేదికలో రెండు కారణాలు రాశారు. మోటార్ల బిగింపు లోపం. మీట వేయడంలో దాలినాయుడి ఆలస్యం.

నా మోటార్ల సంగతి పోనివ్వండి. రెండో మాట చదివి చంపావతి తల్లిని వెంటపెట్టుకుని డైరెక్టరు గదిలోకి వెళ్ళింది. ఆయన మంచివాడే. తవిటమ్మకి కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, అంతా విన్నాడు.

"ఎందర్ని తిప్పారమ్మా?"

"అందర్నీ తిప్పినాం బాబూ."

"ఒక్కరైనా తిప్పకుండా మిగిలారా?"

ఆవిడ కూతురివైపు చూసింది. "లేదు" అంది.

"మరి నేను దేన్ని చూపించి లెక్క మార్చమంటారు? చంపావతి గారూ, మీరే చెప్పండి. మీరు నా కుర్చీలో ఉంటే తల్లి మాట తీసుకుంటారా, యంత్రం మాట తీసుకుంటారా? అప్పుడు తీసుకున్నారా?"

చంపావతి కాఫీ గ్లాసు పక్కకి జరిపి, ఫోనులో తమ్ముడు గెడ్డ పక్క నల్లగా ఉందన్నాడని చెప్పింది. దుమ్ములో ఉన్న మనిషి మాట అది అన్నాడాయన, జాలిగా. నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. కానీ ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకు చోటు దొరకలేదు.

తరవాతి గోపురం ఈతమానుపేటలో కడుతున్నారు, ఊరికి ఉత్తరాన. చంపావతి ఉద్యోగం వదిలేసి ఆ తీరంలో ఊరూరూ తిరగడం మొదలుపెట్టింది. గోపురం కట్టనివ్వకండి అని చెబితే, ప్రభుత్వం కడుతున్న దాన్ని మేమెలా ఆపుతామమ్మా అన్నారు. దాంతో ఆవిడ రెండో మాట చెప్పడం మొదలుపెట్టింది. మళ్ళీ సుడి వస్తే, పోయినవాళ్ళని ఒక్క పూట తిప్పకండి, పడ్డవాళ్ళని పడ్డట్టే ఉంచండి. ఆ మాటకి ఒక ఊళ్ళో చీపుళ్ళు లేచాయి. ఇంకో ఊళ్ళో ఒక ముసలాయన ఆవిడ కళ్ళలోకి చూసి, "నీ ఇంట్లో ఎవులైనా పోతే అలగే ఉంచినావా తల్లీ?" అని అడిగాడు. ఆ రోజు చంపావతి ఇంటికొచ్చి అన్నం తినలేదు.

తవిటమ్మ అప్పటికి మా ఇంట్లోనే ఉంటోంది. ఆ ముసలాయన ప్రశ్న కూతురి నోట విన్నప్పుడు వంటగదిలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"ఈతమానుపేటలో మా సెల్లెలున్నాది" అంది. "దాని ఇల్లు దచ్చినం పక్కే, గాలొస్తే ముందు అక్కడికే వొస్తాది. నాను ఎల్లి అక్కడుంటాను."

"ఎందుకమ్మా? చచ్చిపోవడానికా?"

"అది వొచ్చినప్పుడు నాను అక్కడ పడుంటే, నన్ను తిప్పకు. ఆల్లని తిప్పనివ్వకు. బొమ్మ తీసుకెల్లి ఆ పెద్దమనిసికి సూపించు. నా కొడుకు ఆలస్యం సెయ్యలేదని రాయించు." చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి జరిపి చెయ్యి చాపింది. "ఒట్టెయ్యి."

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. చంపావతి ఏడుస్తూ తల్లి చేతిలో చెయ్యి వేసింది.

సరుగుడు మొక్కల్లో దాలినాయుడి తల పట్టుకున్న చెయ్యి అదే. దాని మీద నాకు నమ్మకం లేదు, మా ఆవిడకీ లేదు. అత్తగారికి మాత్రం ఉంది. మర్నాడు పొద్దున్నే రెండు చీరలు మూట కట్టుకుని, బస్సు ఎన్నింటికని నన్ను అడిగింది.